ఎండపలకల వ్యాను

1987 ఏప్రిల్ 26, ఆదివారం

మా ఇంటి ముందు ఇవాళ ఒక పాలవ్యాను ఆగింది. పాత మెటడోరు. తలుపు మీద ఆవు బొమ్మ చెరిగిపోయి తోక మాత్రం మిగిలింది. అందులోంచి పాలవాడు దిగుతాడనుకుంటే నా భర్త దిగారు.

వ్యాను నెత్తిన రెండు నల్లటి గాజుపలకలు. ఆయనతో చదువుకున్నవాడొకడు హైదరాబాదులో ఏదో ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. అక్కడ పక్కన పడేసినవట. వాటి మీద ఎండ పడితే కరెంటు పుడుతుందట. అది బ్యాటరీలోకి పోతుందట. దాంతో ఒక బుల్లి ట్యూబులైటు, ఒక బుల్లి ఫ్యాను.

"ఇంక మనకి స్తంభంతో పనిలేదు సుభాషిణీ. ఎక్కడ ఆపితే అక్కడే ఇల్లు," అన్నారు.

ఇన్నేళ్ళూ కరెంటు ఆఫీసు జీతం తిన్న అసిస్టెంటు ఇంజనీరు అనే మాటా ఇది? ఉద్యోగంతోపాటు మతి కూడా సస్పెండవుతుందని నాకు తెలియదు.

లైన్‌మన్ యేసుపాదం స్తంభం మీద ఉండగా లైనులోకి కరెంటు వచ్చింది. పోయాడు, పాపం. సబ్‌స్టేషన్‌లో స్విచ్చి వేసింది ఆపరేటర్ కొండలు. తప్పు కొండలుది. ఈయన తప్పేమీ లేదు. ఎంక్వయిరీ అయ్యేదాకా ఇంట్లో కూర్చోమన్నారు, అంతే. అదైనా చేతకావాలిగా. శివరాత్రి వెళ్ళిన దగ్గర్నుంచి ఇంట్లో ఒక్క స్విచ్చి నొక్కనివ్వరు. నరసరావుపేటంతా లైట్లు వెలుగుతుంటే కరెంటు ఇంజనీరింట్లో లాంతరు.

పిల్లలు లేరు గనుక ఆ పలకల్నే తువ్వాలుతో ఒళ్ళు తుడిచినట్టు తుడుస్తున్నారు.

ఎక్కడో ఒకచోట అనకపోతే ఆయన మొహాన అనేస్తానని ఈ పుస్తకం మొదలుపెట్టాను.

ఏప్రిల్ 28

డీఈ గారు వచ్చారు. మా ఆయనకు పైఅధికారి. కూర్చోగానే ఫ్యాను వంక చూశారు. నేను లేచి వేశాను. మా ఆయన అతిథి ముందే లేచి దొడ్లోకి వెళ్ళిపోయారు.

"చూడండి మేడమ్, పున్నారావు మంచివాడు. కానీ మొండివాడు. యేసుపాదం తాగి ఉన్నాడు, ఎవరికీ చెప్పకుండా స్తంభం ఎక్కాడు. కొండలు కూడా అదే చెప్తాడు. మీవారు ఈ స్టేట్‌మెంటు మీద సంతకం పెడితే జూన్లో డ్యూటీలో చేరొచ్చు."

"పెట్టిస్తాను," అన్నాను.

"వ్యానేసుకుని ఊళ్ళు తిరగబోతున్నాడంట?"

"ఎంక్వయిరీ రోజుకి తీసుకొస్తానండీ. సంతకంతో సహా."

మర్యాదస్తుడు. నా కాఫీ మెచ్చుకున్నారు. అయితే తప్పు కొండలుది కాదన్నమాట, యేసుపాదానిది. ఎవరిదైతేనేం, ఈయనది కాదు.

మే 1

బయల్దేరాం. స్కూలుకి సెలవులు. నేనెందుకు వస్తున్నానంటే, ఈయన ఒక్కరే తిరిగితే భార్య వదిలేసిందంటారు. అదొక్కటే కారణం. డీఈ గారిచ్చిన కాగితం నా సంచిలో ఉంది.

మొదటి మజిలీ కోటప్పకొండ కింద. వ్యాను చుట్టూ జనం. ఈయన పాఠం చెప్పడం మొదలుపెట్టారు. తలపాగా మనిషి ఒకడు శ్రద్ధగా అంతా విని అడిగాడు:

"అంటే సారూ, ఎండ ఎంతుంటే అంత కరెంటా?"

"అంతే."

"అట్టయితే మా పల్నాడోళ్ళం ఈపాటికి కోటీశ్వరులం అయ్యుండాల గదా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా ఆయన కూడా నవ్వబోయి మానేశారు.

వంట మాత్రం కిరసనాయిలు స్టవ్వు మీదే. ఎండ కరెంటు అన్నం వండదట.

మే 3

ఫ్యాను గాలికి కాలెండరు కాగితం కూడా కదలదు.

మే 6, గురజాల దగ్గర

లోకంలో బండ్లన్నీ నీడ చూసుకుని ఆగుతాయి. మాది ఎండ చూసుకుని ఆగుతుంది. పలకలకి ఎండ కావాలి గనుక మేమూ ఎండలోనే. వేపచెట్టు ఆ పక్కనే ఉంటుంది, ఎంత చల్లగా ఉంటుందో చూడొచ్చు.

నిన్న మబ్బు పట్టింది. ఊళ్ళో వాళ్ళంతా హమ్మయ్య అనుకుంటే ఈయన ఆకాశం వంక అప్పులవాడిని చూసినట్టు చూశారు. సాయంత్రానికి ట్యూబులైటు మినుకుమని ఊరుకుంది.

పంక్చర్ షాపు అలీ సాహెబ్ బ్యాటరీలో పోయడానికి డిస్టిల్డ్ వాటర్ ఇస్తూ, "కరెంటు ఆఫీసరుగారై ఉండి మీకీ తిప్పలేంది సారూ?" అన్నాడు.

"రీసెర్చ్," అన్నారు ఈయన.

రీసెర్చ్! ఆఫీసు వాళ్ళ కంటపడకుండా పాలవ్యానులో దాక్కోవడానికి ఎంత గొప్ప పేరు.

ఈ మధ్య ఒకటి గమనించాను. మాచర్ల రోడ్డు మీద కొంత దూరం వెళ్తారు, వెనక్కి తిప్పుతారు. మళ్ళీ వెళ్తారు, మళ్ళీ తిప్పుతారు. అడిగితే ఇంజను వేడెక్కిందంటారు.

మే 9, రెంటచింతల

ఇక్కడ నాతో టీచర్ ట్రైనింగ్ చదివిన ఫిలోమినా ఉంది. చర్చి వెనక వీధి. ఇంట్లో సీలింగు ఫ్యాను, కుండలో సబ్జా నీళ్ళు. ఈయన గుమ్మం దాటలేదు. "పలకల్ని చూసుకోవాలి," అని వ్యాను దగ్గరే ఉండిపోయారు. నేను సిగ్గు లేకుండా ఫ్యాను కింద పడుకున్నాను.

మధ్యాహ్నం ఫిలోమినా కిటికీ దగ్గర నిలబడి పిలిచింది. "వదినా, సారు ఎవరికి కాపలా కాస్తన్నారు?"

చూశాను. ఎదురు స్తంభం మీద ఎవరో లైన్‌మన్ పని చేస్తున్నాడు. ఈయన రోడ్డు మధ్యలో, తల మీద గుడ్డయినా లేకుండా, అతన్నే చూస్తూ నిలబడ్డారు. రెంటచింతల ఎండంటే కాకులు కూడా బయటికి రావు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. పైవాడు కిందికి చూసి ఏదో అన్నాడు. అతను దిగి, చెప్పులేసుకుని, సైకిలెక్కి మలుపు తిరిగాక గాని ఈయన కదల్లేదు. కదిలి, వ్యాను చక్రం పక్కన వాంతి చేసుకున్నారు.

"వడదెబ్బ," అన్నాను ఫిలోమినాతో. ఆమె మజ్జిగ కలిపి నా చేతికిచ్చింది.

వడదెబ్బే. మరేమిటి?

మే 10

ఇవాళ కాగితం బయటికి తీశాను. చదివి నా ఒళ్ళో పెట్టేశారు.

"ఇందులో ఒక్క ముక్క నిజం లేదు."

"మీకేం తెలుసు? మీరు స్తంభం దగ్గర లేరుగా."

"సబ్‌స్టేషన్‌లో ఉన్నా. మోటార్లు ఆగిపోయినయ్యని రైతులు గేటు దగ్గర గోల. ఎవరో పెద్దమనిషి ఫోను మీద ఫోను. 'యేసుపాదం దిగానని ఇంకా చెప్పలేదు సార్' అన్నాడు కొండలు. ఈపాటికి దిగే ఉంటాడన్నా. వాడు నా మొహం వంక చూస్తన్నాడు. 'వెయ్యరా' అన్నా. వేశాడు."

నేను కాగితం మడిచి సంచిలో పెట్టేశాను.

"ఈ మాట ఎవరితోనైనా అన్నారా?"

"డీఈకి చెప్పా. మర్చిపొమ్మన్నాడు."

"మరి మర్చిపోండి."

"ఆ అమ్మాయికి చెప్పాలి. యేసుపాదం భార్యకి. ఊరు ఇక్కడికి దగ్గరే. గట్టు కింద పల్లె. రెండుసార్లు ఊరి దాకా పోయి వెనక్కి తిప్పా."

ఇదన్నమాట రీసెర్చ్. బస్సెక్కితే పూటలో చేరే ఊరికి పోవడానికి ఈ పిరికి మనిషికి ఒక వ్యాను, రెండు పలకలు, ఒక బ్యాటరీ, ఒక భార్య కావాల్సివచ్చాయి.

మే 11

తాగే ఉంటాడు. స్తంభాలెక్కే వాళ్ళు తాగరా?

మే 12

వెళ్ళాం.

ఇంటి ముందు పందిరి కింద ఎండుమిరపకాయల కుప్ప. నలుగురైదుగురు ఆడవాళ్ళు కూలికి తొడిమలు తీస్తున్నారు. ఈయన వ్యాను దిగి, ముందు ఎవరినీ పలకరించకుండా పైకెక్కి ఒక పలక విప్పడం మొదలుపెట్టారు. అది విప్పి రెండు చేతులా పట్టుకుని పందిరి దగ్గరికి నడిచారు. పెళ్ళిచూపులకు పళ్ళెం పట్టుకొచ్చిన మనిషిలా ఉన్నారు.

"రూతమ్మ ఎవరు?"

తలకు గుడ్డ కట్టుకున్న మనిషి తలెత్తింది. "నేనే. ఎవురు?"

"పున్నారావుని. ఏఈని."

తొడిమలు తీసే చేతులన్నీ ఆగాయి.

"ఓహో. నువ్వేనా."

ఈయన చెప్పారు. నాతో చెప్పినట్టే, ఒక్క ముక్క దాచకుండా. మధ్యలో మిరప ఘాటు గొంతుకి పట్టి దగ్గు, కళ్ళ వెంట నీళ్ళు. ఆమె మొత్తం విన్నది.

"ఆ నీళ్ళు మిరప ఘాటుకా, మా ఆయన కోసమా సారూ?"

ఈయన పలకని ముందుకు చాచారు. "ఇది ఉంచుకో. ఇంటి మీద బిగిస్తా. ఎండుంటే చాలు, లైటు ఎలుగుద్ది."

"మాకు లైటు లేదని ఎవురన్నారు? పైకి చూడు. ఆ తీగ మా ఆయన లాగిందే. ఈ వాడ మొత్తానికీ ఆయనే లాగాడు." ఆమె గొంతు పెరగలేదు. "నువ్వొచ్చి నా ముందర ఏడిస్తే నేను లేచి ఓదార్చాలా? చెప్పేశావు గాబట్టి నీకు తేలికవుద్ది. మరి నాకు?"

"రూతమ్మా..."

"మీ ఆఫీసోళ్ళు తాగి ఎక్కాడంటన్నారు. గుళ్ళో పాట ఎత్తుకునేదే ఆయన. సారా పేరెత్తితే లేచిపోయేవోడు. ఆ మాట నా పిల్లలు బళ్ళో వింటన్నారు. ఈ అద్దం పెడితే ఆ మాట పోద్దా? నాకు చెప్పింది ఆడ చెప్పు. కుర్చీలేసుకుని కూసుంటారే, ఆళ్ళ ముందర."

నేను ఊరుకోలేకపోయాను. "ఏమ్మా, ఇంత ఎండలో వెతుక్కుంటూ ఇంటికొచ్చిన మనిషితో మాట్లాడే పద్ధతి ఇదేనా?"

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు పంతులమ్మవంట గదా, మా ఆయన చెప్పేవోడు. నువ్వే చెప్పమ్మా. నీ మొగుడు చేసింది తప్పా, కాదా?"

అందరూ నా మొహంలోకి చూశారు. పిల్లలు కాపీ కొడుతుంటే వెనక బెంచీ దాకా వినపడేలా అరిచే గొంతు నాది. నా భుజానికున్న సంచిలో 'తాగి ఉన్నాడు' అన్న కాగితం ఉంది.

నేనేమీ చెప్పలేదు.

"పోండి. పని చెడుద్ది," అంది రూతమ్మ. మళ్ళీ మిరపకాయ చేతిలోకి తీసుకుంది.

ఈయన పలకని తిరిగి బిగిస్తుంటే నట్లు జారి కింద పడ్డాయి. నేను ఏరి ఇచ్చాను. ఆమె ఆయన్ని చూసిన చూపు నాకు బాగా తెలుసు. నేను రోజూ చూసే చూపే. కానీ ఆమె చూపుకో కారణం ఉంది. నా చూపులో ఏముంది?

మే 13

ఏమీ రాయను.

మే 15, మాచర్ల

డీఈ గారు ఇన్‌స్పెక్షనుకి వచ్చి గెస్ట్‌హౌసులో దిగారట. నాకు కబురు పంపారు. ఎంక్వయిరీ సోమవారం.

"ఏం మేడమ్, సంతకం అయిందా?"

"లేదు."

"మీరు చెప్పినా వినలేదా?"

"యేసుపాదం తాగాడని మీకెవరు చెప్పారండీ?"

ఆయన గడ్డం గోక్కున్నారు. "అబ్బా, ఇప్పుడదంతా ఎందుకు? చనిపోయినవాడికి పోయేదేముంది? మన పున్నారావు బతకాలి గదా. ఆ కుటుంబానికి విడిగా ఏదో చూద్దాంలెండి."

పళ్ళెంలో బత్తాయి తొనలు. వలిచి, గింజలు తీసి, ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటున్నారు. ఈ మనిషికా నేను కాఫీలో మీగడ వేసి ఇచ్చింది! కాగితం తీసి ఆ పళ్ళెం పక్కన పెట్టి వచ్చేశాను. మర్యాదస్తుడట. నా తెలివికి నేనే నవ్వుకోవాలి.

ఈయనకు చెబితే, "అయితే సోమవారం నేనే చెప్పాలన్నమాట," అన్నారు. అప్పటిదాకా ఇంకెవరో చెబుతారని అనుకుంటున్నట్టు.

మే 18, సోమవారం

పొద్దున వ్యాను స్టార్టవలేదు. ఇంజనుకూ లైటుకూ ఒకటే బ్యాటరీ. నిన్నంతా మబ్బు, ఈయన లైటు ఆర్పడం మర్చిపోయారు. ఎండ మీద బతికే మహానుభావుడు ఎంక్వయిరీకి ఎర్రబస్సులో బయల్దేరారు.

పిడుగురాళ్ళలో బస్సు ఆగగానే లేచి నిలబడ్డారు.

"ఎక్కడికి?"

"నావల్ల కాదు. రాలేనని టెలిగ్రాం కొడదాం."

"దిగండి. మీరు దిగితే నేనొక్కదాన్నే వెళ్ళి చెబుతాను."

"నువ్వేం చెబుతావు? నువ్వక్కడ లేవుగా."

"మీరు చెప్పింది చెబుతాను. 'వెయ్యరా' అన్నారని చెబుతాను. మీరు చెబితే ఇంజనీరు నోటితో వస్తుంది. నేను చెబితే పెళ్ళాం నోటితో వస్తుంది. ఏది కావాలో చూసుకోండి."

కండక్టరు విసుక్కున్నాడు, "దిగితే దిగండి, లేకపోతే కూచోండి సార్." కూర్చున్నారు. నరసరావుపేట వచ్చేదాకా ముందు సీటు కడ్డీ వదల్లేదు. అంత పిరికితనాన్ని మోసుకుంటూ ఒక మనిషి అంత దూరం రావడం నేనెప్పుడూ చూడలేదు. ఆ ముక్క తిట్టుగానే రాద్దామనుకున్నాను, రాశాక చూస్తే తిట్టులా లేదు.

ఆఫీసు వరండాలో రూతమ్మ ఉంది. బెంచీ ఖాళీగా ఉన్నా నిలబడే ఉంది. నన్ను చూసి తల తిప్పుకుంది. లోపల ఎవరో పెద్ద అధికారి, ఆయన పక్కన డీఈ. తలుపు తీసే ఉంది. ఈయన గొంతు మొదట వినపడలేదు. "గట్టిగా చెప్పండి," అన్నారు లోపల్నుంచి.

"లైనులోకి కరెంటు వదలమని ఆర్డరు ఇచ్చింది నేను. మనిషి దిగలేదని ఆపరేటరు చెప్పాడు. నేను వినలేదు. యేసుపాదం తాగలేదు. పొద్దున నాతోనే టీ తాగి వెళ్ళాడు."

"పున్నారావ్, ఆలోచించుకుని మాట్లాడు," అన్నది డీఈ గొంతు.

"చానా ఆలోచించా సార్."

ఆ తర్వాత కొండలుని పిలిచారు. కుర్రాడు మా ఆయన వంక చూసి, "సారే వెయ్యమన్నాడు. నేను చెప్పా సార్, దిగలేదని చెప్పా," అని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. పాపం, ఈ డైరీ మొదలుపెట్టిన రోజే తప్పంతా వాడి నెత్తిన వేశాను.

రూతమ్మ అంతా విని, కుళాయి దగ్గర మొహం కడుక్కుని, మాతో ఏమీ అనకుండా బస్టాండు వైపు నడిచి వెళ్ళిపోయింది. ఏమనాలని? థాంక్స్ చెప్పాలా?

జూన్ 27

ఆర్డరు వచ్చింది. ఉద్యోగం నుంచి తొలగించారు. మా ఆయన చదివి, మడిచి, భోంచేశారు.

స్టాఫ్‌రూములో సోషల్ మేడమ్ సానుభూతి చూపించింది. "చేతులారా పోగొట్టుకున్నారటగా. అంత అమాయకులేంటండీ మీవారు?" అమాయకులు కాదు, నేరస్తులు అన్నాను. ఆమె సుద్దముక్క పట్టుకుని క్లాసుకి వెళ్ళిపోయింది.

ఈయన ఇప్పుడు వ్యానేసుకుని పల్లెల్లో ట్రాక్టర్ల బ్యాటరీలు చార్జి చేస్తున్నారు. ఒక్క బ్యాటరీకి ఒక పగలంతా పడుతుంది. రైతులు బీడీలు కాలుస్తూ చుట్టూ కూచుంటారట. ఇంతకంటే మెల్లగా డబ్బు సంపాదించే పద్ధతి లోకంలో ఉండదు. ఇంట్లో మాత్రం ఇప్పుడు ఫ్యాను వేసినా ఏమీ అనరు.

జూలై 12, ఆదివారం

"ఆర్డరులో ఏముందో ఆమెకి ఎవరూ చెప్పి ఉండరు. నువ్వు పోయి చదువు. నేను రాను. నా మొహం చూపించి ఇంకేం కష్టపెట్టను," అన్నారు.

వ్యాను పల్లె బయటే ఆపారు, ఎండలోనే. నేనొక్కదాన్నే నడిచాను.

రూతమ్మ ఇంటి ముందు గిన్నెలు తోముతోంది. వచ్చిన పని చెప్పాను. చేతులు కడుక్కుని, "చదువు," అంది. అంతా ఇంగ్లీషు. తెలుగు చేసి చదివాను. లైన్‌మన్ యేసుపాదం డ్యూటీలో ఉండి, నియమాలన్నీ పాటిస్తూ చనిపోయాడు. తాగి ఉన్నాడనడానికి ఏ ఆధారమూ లేదు. అసిస్టెంటు ఇంజనీరు పున్నారావు నిర్లక్ష్యం వల్ల అతని ప్రాణం పోయింది.

"ఇంకోసారి."

మళ్ళీ చదివాను. ఆమె లేచి వాడలోకి కేకేసింది. "అత్తా, రా. వెంకమ్మక్కా, రా. అందర్నీ రమ్మను." ముసలామె వచ్చింది, తొడిమలు తీసిన ఆడవాళ్ళు వచ్చారు, మగవాళ్ళు వచ్చారు. ఇద్దరు పిల్లల్ని ముందుకు తోసింది.

"ఇప్పుడు చదువమ్మా. గట్టిగా. బళ్ళో చదివినట్టు చదువు."

బళ్ళో చదివినట్టే చదివాను. వాడ చివరికి వినపడేలా. తాగలేదు అన్నచోట ముసలామె చీర చెంగు నోట్లో కుక్కుకుంది. మా ఆయన పేరు వచ్చినచోట గొంతు తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గించలేదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం మళ్ళీ మొదటి నుంచి చదివాను. వాళ్ళలో ఒకాయన, "ఈ పున్నారావు ఎవురు?" అని అడిగాడు.

"నా భర్త," అన్నాను.

రూతమ్మ లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నేను తాగేదాకా నిలబడి, ఖాళీ చెంబు తీసుకుంది.

వ్యాను దగ్గరికి వచ్చేసరికి ఈయన స్టీరింగు ముందు కూర్చుని ఉన్నారు. చెమటకి చొక్కా నల్లబడింది.

"ఏమంది?"

"వాడలో అందర్నీ పిలిచి మళ్ళీ మళ్ళీ చదివించుకుంది."

"నా పేరు కూడానా?"

"మీ పేరు కూడా. గట్టిగానే చదివాను."

తల ఊపారు.

"నీకు మంచినీళ్ళన్నా ఇచ్చిందా?"

"ఇచ్చింది."

ఆయనకు అది చాలినట్టుంది. బండి తీశారు.